ఆడపడుచు దిబ్బకు సారె

వాగొడ్డుపాలెం సంఘపు సమాధుల తోటకు గేటు ఉంది గాని లోపల అడ్డుగోడ లేదు. నడిమధ్యన ఒక రాళ్ళ దిబ్బ, దానిమీద ఒక సిలువ కనిపిస్తాయి. ఈస్టరు మరునాడు యాత్రికులు కొత్త చీరలు పట్టుకొని వచ్చేది ఈ దిబ్బకే. దీన్ని ఆడపడుచు దిబ్బ అంటారు. ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పుకోవడం మా సంఘానికి గొప్పేమీ కాదు. అయినా చెప్పాలి.

పూర్వం ఇక్కడ తోట మధ్యన నిలువెత్తు రాతిగోడ ఉండేది. తూర్పుపేటవారు, పడమటిపేటవారు ఒకే గుడిలో మోకరించి, ఒకే రొట్టె విరుచుకొని, చచ్చాక మాత్రం గోడకు చెరోపక్కకు వెళ్ళేవారు. బాప్తిస్మపు నీళ్ళు మనుషుల్ని తడిపాయి గాని కులాన్ని తడపలేదు.

ఆ రోజుల్లో రోళ్ళు కొట్టుకుంటూ ఊరూరా తిరిగే వారిలోని ఒక వితంతువు ఇక్కడ బాప్తిస్మం తీసుకొని సలోమి అయింది. ఆమె వాళ్ళు ఆమెను వెలివేసి, గుడారాలు ఎత్తుకొని వెళ్ళిపోయారు. ఉపదేశి జకరయ్య ఆమెను సంఘం ముందు నిలబెట్టి, "ఇవాళ్టి నుంచి నువ్వు దేవుడింటి ఆడపడుచువమ్మా" అన్నాడు. అందరూ ఆమెన్ అన్నారు. నోటి మాటకేం పోయింది!

మరు వేసవిలో కలరా వచ్చింది. సొంతవాళ్ళే గడప దాటడానికి భయపడిన ఇళ్ళలోకి సలోమి వెళ్ళింది. రెండు పేటల శవాలనూ కడిగింది. తూర్పుపేట రూతమ్మ స్పృహలేక పడి ఉండగా ఆమె పసిబిడ్డ పోతే, సలోమి తనకున్న రెండు చీరల్లో ఒకటి చింపి బిడ్డకు చుట్టింది. మిగిలిన చీర కూడా అలాగే ముక్కలు ముక్కలుగా పోయింది. చివరికి గోనె కట్టుకొని తిరిగింది. ఒక్కరూ ఆమెకు పాత గుడ్డయినా ఇవ్వలేదు.

ఆమెకూ జబ్బు తగిలింది. జకరయ్యను పిలిచి అడిగింది: "దేవుడింటి ఆడపడుచునన్నారు గదయ్యా. మరి నన్ను ఎటుపక్క పెడతారు?"

ఆయన రెండు పేటల పెద్దలను అడగడానికి వెళ్ళాడు. జవాబు వినకుండానే ఆమె కన్నుమూసింది.

తూర్పుపేట పెద్దలు, "ఆచారం గదండీ ఉపదేశిగారూ, రేపు మా పిల్లలకి సంబంధాలు ఎట్టా వస్తయ్?" అన్నారు. పడమటివారు, "ఆళ్ళ పిలగాణ్ణి కడిగింది గదా, ఆళ్ళనే పెట్టుకోమనండి" అన్నారు. గోనె చుట్టిన శవం గేటు బయట ఎండలో ఉండిపోయింది. కాకులు వచ్చాయి. జకరయ్య వాటిని తోలుతూ, సిగ్గుతో ఏడుస్తూ, గోడ నడుమ రాళ్ళు పెకలించి, గోడ ఉన్నచోటే ఒంటరిగా గొయ్యి తవ్వి ఆమెను పూడ్చాడు.

అప్పటికి రూతమ్మకు తెలివి వచ్చింది. తన బిడ్డకు చుట్టిన చీర ఎవరిదో విన్నది. పెట్టెలోని పెళ్ళిచీర తీసుకొని, దారిలో ఇళ్ళ గోడలు పట్టుకుంటూ తోటకు వచ్చేసరికి గొయ్యి పూడిపోయింది. చీర మట్టిమీద పరిచి, "ఆలస్యమైంది ఆడపడుచా!" అని గుండెలు బాదుకుంది. తర్వాత లేచి, నిలబడే ఓపిక లేని ఆ మనిషి గోడ రాళ్ళు లాగడం మొదలుపెట్టింది. జకరయ్య ఆమెకు చెయ్యి వేశాడు. శవాలు లేచిన ఇళ్ళవాళ్ళు, సలోమి చేత తమ వాళ్ళను కడిగించుకున్నవాళ్ళు, ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. గోడ కూలింది. ఆ రాళ్ళే ఈ దిబ్బ.

ఇప్పటికీ ఈస్టరు మరునాడు సంఘం దిబ్బకు సారె తెస్తుంది. చీర పరిచేవారు "ఆలస్యమైంది ఆడపడుచా" అనాలి. ఆ చీరలను నా అన్నవారు లేని స్త్రీలకు కట్టబెడతారు. ఇక్కడ మొక్కితే రోగాలు పోతాయని కొందరంటారు గాని, మేమలా చెప్పం. ఇక్కడి దీవెన వేరు. చీర అందుకునే స్త్రీ, "నన్ను ఎటుపక్క పెడతారు?" అని అడుగుతుంది. చీర ఇచ్చేవారు, "మా అమ్మ పక్కన, తల్లీ" అని అందరూ వినేలా చెప్పాలి. ఆ మాట నోట రానివారు దయచేసి చీర తేవద్దు.