గ్రహణం నాటి మబ్బు

"తీర్చలేని దుఃఖం దగ్గర కూర్చోవడం వల్ల ప్రయోజనమేమిటి?" అని సుదర్శనం తన గురువు విరూపాక్షయ్యగారిని అడిగాడు. కృష్ణ ఒడ్డున చిన్న ఆశ్రమంలో ఆయన శిష్యులకు జ్యోతిషగణితం చెప్పేవారు. ప్రశ్నకు వెంటనే జవాబివ్వడం ఆయనకు అలవాటు లేదు.

"పక్క వీధిలో మాణిక్యాంబగారున్నారు. భర్త పోయి ఏడాది. చూపు కూడా పోయింది. ఇద్దరూ రోజూ డాబా మీద కూర్చుని ఆకాశం చూసేవారు. ఈ కార్తీకమంతా సాయంత్రాలు వెళ్ళి, పైన ఏముందో ఆమెకు చెప్పు" అన్నారు.

సుదర్శనం వెళ్ళాడు. విదియనాడు పడమట సన్నని నెలవంక పక్కన శుక్రుడు మెరుస్తున్నాడని చెప్పాడు. అష్టమినాడు సగం చంద్రుడికి దగ్గరగా శని ఉన్నాడన్నాడు. ఒకనాడు ఉల్క రాలితే అది ఏ దిక్కున మొదలై ఏ దిక్కున ఆరిపోయిందో వివరించాడు. ఆమె అన్నీ విని, "మంచిది నాయనా" అనేది. అంతకుమించి మాట్లాడేది కాదు. భర్త పేరు ఎత్తేదే కాదు.

పౌర్ణమినాడు చంద్రుడు గ్రహణంతోనే ఉదయిస్తాడని లెక్క తేలింది. ఆ వేళకు చంద్రుడి పక్కనే కృత్తికలు కూడా ఉంటాయి. ఆమెకు చెప్పాలని సుదర్శనం పొద్దుటినుంచీ ఎదురుచూశాడు. తీరా సాయంత్రానికి ఆకాశమంతా మబ్బు కమ్మేసింది.

"ఏమీ కనబడటం లేదమ్మా" అన్నాడు చిన్నబోయి. కల్పించి చెబుదామా అనిపించింది కానీ, మనసొప్పలేదు. ఆమె పక్కన చాప మీద కూర్చుండిపోయాడు.

చాలాసేపటికి ఆమె నోరు విప్పింది.

"మా పెళ్ళయిన ఏడు కూడా గ్రహణం పట్టింది నాయనా. ఇంటిల్లిపాదీ తలుపులేసుకుని కూర్చుంటే, ఆయన నా చెయ్యి పట్టుకుని డాబా మీదకు లాక్కొచ్చారు. రాగి చెంబులా ఉన్నాడు చంద్రుడు. కిందికి దిగాక మా అత్తగారు నాలుగు రోజులు మాతో మాట్లాడలేదు."

చెబుతూ చెబుతూ ఆమె నవ్వింది. నవ్వుతూనే కళ్ళు ఒత్తుకుంది. ఆ తరువాత ఆయన గురించి ఇంకా ఎన్నో చెప్పింది. సుదర్శనం ఊకొడుతూ విన్నాడు.

ఆశ్రమానికి తిరిగొచ్చి, "ఈరోజు నేను ఆమెకేమీ చెప్పలేకపోయాను గురువుగారూ, ఊరికే కూర్చున్నాను" అంటూ జరిగినదంతా వివరించాడు.

విరూపాక్షయ్యగారు అన్నారు:

"రేపు మబ్బు విడిపోయినా, అలాగే కూర్చో."