మొహమాటానికి మింగిన మాత్ర

ఎదుటి మనిషి చిన్నబుచ్చుకుంటాడని మీ కిడ్నీలు వదులుకుంటారా? నవ్వకండి. అనకాపల్లి బెల్లం మార్కెట్లో కాటా వేసే ఎర్రునాయుడు అనే మొహమాటస్తుడు సరిగ్గా ఆ పనే చేశాడు.

విందుకు వెళితే చాలు అనలేక కడుపు నొప్పి వచ్చేదాకా తినేవాడు. "మా అన్నియ్య నోట్లో 'వద్దు' అన్న మాట పుట్టనేలేదు" అని చెల్లెలు వరహాలు వెక్కిరించేది. అతనికి రక్తక్యాన్సర్ వచ్చినప్పుడు మూలకణాలు ఇచ్చి బతికించింది కూడా ఆమే. మార్పిడి అయ్యాక, ఇంటికి పంపుతూ డాక్టర్ నస్రీన్ గట్టిగా చెప్పింది. "చెల్లెలి కణాలు మీ ఒంటిమీద తిరగబడకుండా ఈ మందు ఇస్తున్నాం. ఇదే కిడ్నీలకు బరువు. దీని పైన నొప్పి మాత్రలు అసలు వేసుకోకూడదు."

కొన్నాళ్లకు నడుం నొప్పి పట్టుకుంది. ఊళ్లో వైద్యం చేసే ఆర్‌ఎంపీ భద్రం గారు చూడవచ్చారు. క్యాన్సర్ బయటపడకముందు, పాలిపోయిన మొహం చూసి మొదట అనుమానపడి, అతన్ని పట్నం ఆసుపత్రికి తరిమింది ఆయనే.

"ఏటి నాయుడూ, నేనుండగా మూలుగుతావేటి?" అంటూ నొప్పి మాత్రల పొట్లం చేతిలో పెట్టారు.

డాక్టరమ్మ మాట ఎర్రునాయుడికి నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ప్రాణం నిలిపిన మనిషికి 'మీ మాత్ర వద్దు' అని చెప్పడమెలా? మింగేశాడు. నొప్పి తగ్గింది. ఆ పొట్లం అయిపోతే ఇంకో పొట్లం వచ్చింది.

కాళ్లు వాచాయి. మూత్రం తగ్గింది. భద్రం గారే వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లారు.

"కిడ్నీలు దెబ్బతింటున్నాయి," అంది నస్రీన్. "నొప్పి మాత్రలేమైనా వేసుకున్నారా?"

పక్క కుర్చీలో భద్రం గారి మొహం నల్లబడింది. ఆయన తల దించుకున్నారు. ఆ దించిన తల చూడలేకపోయాడు ఎర్రునాయుడు.

"లేదమ్మా," అన్నాడు.

ఇంకేముంది, నేరం తన మందుదే అనుకుంది డాక్టరు. దాన్ని తగ్గించింది. కాపలా సడలగానే చెల్లెలి కణాలు తిరగబడ్డాయి. ఒళ్లంతా దద్దుర్లు, ఆగని విరేచనాలు. అసలే నలిగిన కిడ్నీలు చేతులెత్తేశాయి.

డయాలసిస్ మంచం మీద పడ్డాక గానీ అతని నోట నిజం రాలేదు.

నస్రీన్ చేతిలోని రిపోర్టులు పక్కన పెట్టింది. "ఆరోజే చెప్పి ఉంటే ఆ మాత్రలు మాన్పించేదాన్ని. మన మందును ఇంతలా తగ్గించేదాన్ని కాదు. కిడ్నీలు కోలుకునేవేమో," అంది.

"అన్నియ్యా, నా ఒంట్లోంచి తీసి ఇచ్చానే," అంది వరహాలు. "ఆయన చిన్నబోతాడని చూశావు. నేనేమైపోతానో చూడలేదేటి?"

ఎర్రునాయుడు గోడవైపు తిరిగాడు. తలుపు బయట భద్రం గారు నిలబడే ఉన్నారు, లోపలికి రాకుండా.

నీతి: వైద్యుడి దగ్గర మొహమాటపడితే వైద్యమే దారి తప్పుతుంది. వింటున్న మీరంతా ఒక్క పని చేయండి. ఈసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు, మింగిన ప్రతి మాత్రనూ డాక్టరు బల్లమీద పెట్టండి. ఇచ్చిన మనిషి పక్కనే కూర్చుని ఉన్నా సరే, పెట్టండి.