పొలుసయ్య గోడమీద ఆరు గీతలు

గుండ్లవాగుకు ఇవతలి గట్టున, మూడు పెద్ద బండలు తలలు ఆనించుకుని నిలబడ్డచోట ఒక గుహ ఉంది. అడవిలో అందరూ దాన్ని మందుల గుహ అంటారు. ఏ ఆకు ఏ రోగానికి పనిచేస్తుందో, ఎంత పూస్తే పనిచేస్తుందో అక్కడ చేసి చూసి తేలుస్తారు. "మా తాత చెప్పాడు" అనే మాట ఆ గుహలో చెల్లదు. "ఇన్ని రోజులు చేశాం, ఇంతమందికి నయమైంది" అని చెప్పగలగాలి. గుహకు పెద్ద ముళ్లవ్వ అనే ముసలి ఏదుపంది.

గుహ వెనక గది సరుకుల కొట్టు. దాని కాపలా పొలుసయ్యది. పొలుసయ్య అలుగు. ఒంటినిండా గట్టి పొలుసులు, నోట్లో మాత్రం ఒక్క పన్ను లేదు. ఆ ఉద్యోగం వచ్చిందే అందుకు.

"పళ్లున్నవాడికి కొట్టు అప్పజెబితే గింజలు మిగలవు. వీడు చీమలు తప్ప మరొకటి ముట్టడు" అంది ముళ్లవ్వ.

నిజమే, పొలుసయ్య సరుకు తినేవాడు కాదు. సరుకు మీద బెంగే అతణ్ణి తినేది. పొద్దున లెక్కపెట్టేవాడు, మధ్యాహ్నం లెక్కపెట్టేవాడు, చీకటి పడబోతుండగా మళ్లీ లెక్కపెట్టేవాడు. ఎండు సొరబుర్రల్లో సరుకు నింపి, ఆకు మూతలు బిగించి, బుర్రకొక గీత చొప్పున గోడమీద గోటితో గీసేవాడు. ఒక బుర్ర బయటికి వెళితే ఒక గీతను మట్టితో పూడ్చేవాడు. ఖాళీ బుర్ర తెచ్చినవాళ్లకే నిండు బుర్ర. అది కొట్టు కట్టుబాటు.

ఆ ఏడు వానలు ముందే దిగాయి. దుప్పి పిల్లలకు గిట్టల మధ్య పుండ్లు లేచాయి. పన్నెండు పిల్లలను తల్లులు తెచ్చి, గుహ పక్కనున్న ముళ్లకంచె దొడ్డిలో వదిలి వెళ్లాయి. ముళ్లవ్వ తన దగ్గర పనిచేసే ఇద్దరినీ పిలిచింది. ఒకరు చెంగమ్మ అనే కుందేలు, మరొకరు తిమ్మయ్య అనే కొండముచ్చు.

"చెంగమ్మా, నువ్వు ఆరు పిల్లలకు అడవిపసుపు తేనెలో కలిపి పూయి. తిమ్మయ్యా, నువ్వు మిగతా ఆరింటికి అదే పసుపు కానుగనూనెలో కలిపి పూయి. ఏది మేలో ఇరవై ఒక్క రోజుల్లో తేలాలి. ఒక్క పూట తప్పినా పుండు తిరగబెడుతుంది. మళ్లీ ఒకటో రోజు నుంచి మొదలెట్టాలి. అన్ని రోజులు ఈ పిల్లలు ఆగలేవు."

లెక్క వేశారు. ఒక్కొక్కరికి ఆరు రోజులకు ఒక బుర్ర పసుపు. ఇద్దరికీ కలిపి ఇరవై ఒక్క రోజులకు ఏడు బుర్రలు. అడవిపసుపు వాగు అవతలి కొండమీదే దొరుకుతుంది. వాగు పొంగకముందే తొమ్మిది బుర్రలు వచ్చి చేరాయి; దింపుకుని లెక్కపెట్టింది పొలుసయ్య ఒక్కడే. ఏడు వాడకానికి, రెండు అదనం. మర్నాడే వాగు గట్లు తెంచుకుంది. ఇక వానలు తగ్గేదాకా ఒక్క కొమ్ము కూడా రాదు.

తొమ్మిది బుర్రలు చూసి ఎవరైనా గుండెమీద చెయ్యి వేసుకుని పడుకుంటారు. పొలుసయ్యకు కంటిమీద కునుకు పడలేదు. కప్పు కారితే? బుర్రలకు పురుగు పడితే? పందికొక్కు తవ్వుకుంటూ వస్తే? చెంగమ్మ చెయ్యి జారి ఒలకబోస్తే? ఇట్లా ఆలోచించి ఆలోచించి, తెల్లవారకముందే మూడు బుర్రలు మోసుకెళ్లి కొట్టు వెనక ఒక లోతైన గుంటలో దింపి, పైన ఆకులు కప్పాడు. గోడమీద ఆరు గీతలే గీశాడు.

"ఇది దొంగతనం కాదు, జాగ్రత్త. అవ్వ అడిగితే చెప్పేస్తాను" అనుకున్నాడు.

అవ్వ దొడ్డిలో పిల్లల కాళ్లు కడిగే పనిలో పడి అడగలేదు. అడిగింది నక్క.

ఆ నక్క పేరు నరసింగం. తోక విరిగిందని ఆకుల కట్టు కట్టుకుని నాలుగు రోజులుగా గుహ గుమ్మంలో పడుకుని ఉన్నాడు. వైద్యానికి వచ్చినవాణ్ణి వెళ్లగొట్టకూడదని ముళ్లవ్వ నియమం.

"మామా, పసుపు ఏడు బుర్రలు కావాలని అవ్వ అంటుంటే విన్నాను. గోడమీద ఆరే ఉన్నాయేం?" అన్నాడు నరసింగం, ఆవులిస్తూ.

పొలుసయ్య గబుక్కున గోడకు అడ్డంగా జరిగాడు. "ఉన్నవి ఉన్నాయి" అన్నాడు.

"అంతేలే. ఉన్నవే ఉంటాయి, లేనివి ఎట్లా ఉంటాయి" అని నక్క మళ్లీ కళ్లు మూసుకున్నాడు. కానీ పొలుసయ్య మొహంలో చూడవలసింది అప్పటికే చూసేశాడు.

కాసేపటికి చెంగమ్మ వచ్చింది. చెవులు రెండూ వెనక్కి వాలిపోయి ఉన్నాయి. తెచ్చింది ఒక్క ఖాళీ బుర్ర.

"పొలుసయ్య బాబాయ్, నాకు రెండు ఇవ్వు. ఒకటి ఇప్పటికి, ఒకటి ముందుచూపుకి."

"కట్టుబాటు తెలుసు కదమ్మా. ఒకటి తెస్తే ఒకటే."

"ఆరే ఉన్నాయట కదా. చివర్లో నా పిల్లలకు లేకుండా పోతే ఆ తల్లుల మొహం నేనెట్లా చూడను? ఉన్నది ఆరేనా, కాదా, నువ్వే చెప్పు."

తొమ్మిది ఉన్నాయని ఒక్క ముక్క చెబితే అక్కడితో పోయేది. చెబితే మూడు ఎక్కడున్నాయని అడుగుతుంది. ఎందుకు దాచావంటుంది. తాను గుంటలో దాచుకుని ఆమెను దాచుకోవద్దనడానికి పొలుసయ్యకు నోరు రాలేదు. రెండు బుర్రలూ తీసి ఇచ్చాడు.

చెంగమ్మ రెండు పట్టుకెళ్లిందని తెలిసి తిమ్మయ్య వచ్చి మూడు అడిగాడు. "దానికి రెండిచ్చి నాకు ఒకటా? నా ఆరూ పిల్లలు కావా?" అని గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాడు. మూడూ ఇచ్చాక గానీ లేవలేదు.

గోడమీద ఒక్క గీత మిగిలింది.

చెంగమ్మ అదనపు బుర్రను వెదురుపొదలో దాచింది. తిమ్మయ్య తన రెండింటినీ బండల సందులో దూర్చాడు. ఎక్కడ దాచారో ఒకరికొకరు చెప్పుకోలేదు. గుమ్మంలో పడుకున్నవాడు మాత్రం ఎవరు ఎటు వెళ్లారో, ఎటు నుంచి వట్టి చేతులతో వచ్చారో చూస్తూనే ఉన్నాడు.

మూడో రోజున ముళ్లవ్వ కొట్టులోకి తొంగి చూసింది. "గోడమీద ఒకటే ఉందేం పొలుసయ్యా?"

"మిగతావి చెంగమ్మ దగ్గరా తిమ్మయ్య దగ్గరా ఉన్నాయవ్వా."

గోడమీది లెక్కకు అది అబద్ధం కాదు. అవ్వ తలాడించి వెళ్లిపోయింది. పొలుసయ్య చెప్పేద్దామని ఆమె వెనక నాలుగడుగులు వేసి, తిరిగి వచ్చేశాడు. ఆ రోజు నుంచి అతనికి చీమలు కూడా చేదుగా తోచాయి. గోడమీది ఒక్క గీతనే పదే పదే లెక్కపెట్టేవాడు.

దొడ్డిలో మాత్రం పుండ్లు మానుముఖం పట్టాయి. ఆరో రోజుకు రెండు పిల్లలు కాలు నేలమీద ఆనించాయి.

ఏడో రోజు పొద్దున మొదటి బుర్రలు అడుగంటాయి. చెంగమ్మ వెదురుపొదకు పరుగెత్తింది. అక్కడ బుర్ర లేదు. తిమ్మయ్య బండల సందులో చెయ్యి పెట్టాడు. తడి మట్టి తగిలింది. ఇద్దరూ దొడ్డి ముందు ఎదురుపడ్డారు.

"నువ్వే తీశావు" అంది చెంగమ్మ.

"నీ బుర్ర ఎక్కడుందో నాకేం తెలుసు? నావి రెండు పోయాయి, అవి నీ దగ్గర లేవని ఒట్టు వెయ్యి" అన్నాడు తిమ్మయ్య.

ముళ్లవ్వ ముళ్లు నిక్కబొడుచుకున్నాయి. "కొట్లాట తర్వాత. ఇంకా పదిహేను రోజులు. అయిదు బుర్రలు కావాలి. గోడమీద ఒకటి. అంటే మూడు రోజుల మందు. ఆ తర్వాత?"

దొడ్డిలో ఒక పిల్ల తల్లి కోసం అరిచింది. ఆ అరుపు విన్నాక పొలుసయ్య ఇక ఆగలేకపోయాడు.

"ఒకటి కాదవ్వా, నాలుగు ఉన్నాయి. మూడు నేను గుంటలో దాచాను. మొదటి నుంచీ తొమ్మిది. గోడమీద ఆరే గీశాను."

"ఎందుకు దాచావు? ఎవరి మీద అనుమానం?"

"ఎవరి మీదా లేదు. ఏమైనా జరుగుతుందేమోనని భయం."

"జరిగింది కదా, నీ భయమే జరిగింది" అంది ముళ్లవ్వ. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే పొలుసయ్యకు కాస్త తేలికగా ఉండేది. "నువ్వు మూడు దాచావని తెలియక వీళ్లు మూడు దాచారు. కొట్టులో ఉన్నంతసేపూ నీ కళ్లముందు ఉండేవి. పొదల్లోకీ సందుల్లోకీ పోయాక వాటికి కాపలా ఎవరు?"

పొలుసయ్య తలవంచుకుని, మొదటి రోజు నుంచీ జరిగింది గుర్తుచేసుకున్నాడు. అప్పుడొక మాట తట్టింది.

"చెంగమ్మా, ఆ మొదటి రోజున గోడమీద ఆరే ఉన్నాయని నీకు ఎవరు చెప్పారు? నువ్వింకా లోపలికి రానేలేదు."

"నరసింగం మామ."

"నీకు తిమ్మయ్యా, చెంగమ్మ రెండు పట్టుకెళ్లిందని?"

"నరసింగం బావే. పాపం, నా మేలు కోరి చెప్పాడు."

నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముళ్లవ్వ గొంతు తగ్గించి తిమ్మయ్యకు ఏదో చెప్పింది.

కాసేపటికి తిమ్మయ్య గుమ్మం దగ్గర చెంగమ్మతో గట్టిగా అంటున్నాడు: "ఆ పొలుసయ్య మూడు బుర్రలు కొట్టు వెనక గుంటలో దాచాడట. రేపు వాటిని లోపలికి మార్చేస్తారు. మధ్యాహ్నం అందరం దొడ్డిలో ఉంటాం కాబట్టి ఈ పూటకు అక్కడే ఉండనీ అంది అవ్వ."

గుమ్మంలో పడుకున్నవాడి చెవి ఒకటి ఇటు తిరిగింది.

మధ్యాహ్నం వాన పట్టింది. పొలుసయ్య గుంటలోకి దిగి, బుర్రలమీద కూర్చుని, ఆకులు పైకి లాక్కున్నాడు. కాపలాకు తానే ఉంటానని అడిగి మరీ వచ్చాడు గానీ, ఇప్పుడు రెండు విధాలా భయమే. వాడు రాకపోతే దొంగ దొరకడు. వస్తే తనేం చేయగలడు? కరవడానికి పన్ను లేదు, అరవడానికి గొంతు లేదు. పారిపోదామా అనుకునేసరికి పైన ఆకులు కదిలాయి.

నక్క ముందుకాలు భుజం దాకా లోపలికి వచ్చింది, బుర్ర కోసం తడుముకుంటూ. అది పొలుసయ్య పొట్టకు తగిలింది. భయమేస్తే చుట్టచుట్టుకోవడం అలుగుల నైజం. తల తోకలోకి, తోక తలమీదికి, పొలుసులన్నీ ఒకదానిమీద ఒకటి బిగుసుకున్నాయి. నక్క కాలు మధ్యలో ఇరుక్కుంది.

"అమ్మా, చచ్చాను. వదులు మామా, కాలు తెగుతోంది."

"వదలడం నా చేతిలో లేదు నరసింగం. భయం తగ్గితేగాని నాకు ఒళ్లు విచ్చుకోదు. నువ్వు ఇక్కడున్నంతసేపూ నా భయం తగ్గదు."

"ఏం చేస్తే తగ్గుతుంది?"

"మా మూడు బుర్రలు ఎక్కడున్నాయో చెప్పు."

నక్క కాలు గుంజాడు. గుంజేకొద్దీ పొలుసులు కోశాయి. "రెండు వాగులో పారబోశాను. మూడోది తీసుకెళుతుంటే వాన ఎక్కువై ఈతపొద కింద పెట్టాను. వదులు."

"నీకు పసుపు ఎందుకు? పారబోయడానికా?"

"పిల్లల కాళ్లు బాగైతే పరిగెడతాయి కదా మామా" అన్నాడు నక్క, నొప్పిలో దాచుకోవడం మరిచిపోయి. "కుంటుతూ ఇళ్లకు పోతాయని, వాటిని దారిలో పట్టుకోవచ్చని కాసుకుని కూర్చున్నాను."

ఆ మాటకు దొడ్డివైపు నుంచి వస్తున్న ముళ్లవ్వ ఆగిపోయింది. వెనక చెంగమ్మ, తిమ్మయ్య. అందరినీ చూశాక పొలుసయ్య ఒళ్లు మెల్లగా సడలింది. నక్క కాలు బయటికి లాక్కుని మూడు కాళ్లమీద నిలబడ్డాడు. ఆ గుంజులాటలో తోక కట్టు ఊడిపోయింది. తోక నిక్షేపంగా ఉంది.

కోసుకుపోయిన కాలి నుంచి నెత్తురు కారుతోంది. "అవ్వా, వైద్యానికి వచ్చినవాణ్ణి వెళ్లగొట్టకూడదంటావు కదా. దీనికి కాస్త పసుపు అద్దు" అన్నాడు నరసింగం, ఆ స్థితిలో కూడా.

"అద్దేదాన్నే" అంది ముళ్లవ్వ. "కానీ అదనంగా ఉన్న రెండు బుర్రలు నువ్వు వాగుకు పూశావు. మిగిలిన అయిదింట్లో ప్రతి చిటికెకూ ఒక పిల్ల కాలు ఎదురుచూస్తోంది. వేపాకు నమిలి పెట్టుకో, పో."

నక్క కుంటుకుంటూ వానలో కలిసిపోయాడు. వీళ్లు పరుగెడితే పట్టుకోగలరని అతనికి తెలుసు, అందుకని రెండుసార్లు వెనక్కి చూసుకున్నాడు.

ఈతపొద కింది బుర్ర దొరికింది. నాలుగూ ఒకటీ అయిదు. సరిగ్గా సరిపోతుంది, ఒక చిటికె ఎక్కువ లేదు. పొలుసయ్య అయిదూ కొట్టులో వరసగా పెట్టి, గుహ గుమ్మం పక్కన, వచ్చేపోయే ప్రతివాళ్లకూ కనబడేచోట అయిదు గీతలు గీశాడు. చెంగమ్మ వచ్చి చూసి, ఒక ఖాళీ బుర్ర ఇచ్చి, ఒక నిండు బుర్ర పట్టుకెళ్లింది. తిమ్మయ్య కూడా అంతే. రెండోది ఎవరూ అడగలేదు.

తక్కిన పదిహేను రోజులూ పొలుసయ్య నిద్రపోయాడని చెప్పలేం. కప్పు కారుతుందేమోనని చూసేవాడు, పందికొక్కు చప్పుడుకు లేచేవాడు. కానీ భయమేసినప్పుడల్లా దాచే పని మాని, వెళ్లి ముళ్లవ్వకు చెప్పేవాడు. ఆమె విసుక్కుని, వచ్చి చూసి, కారేచోట ఒక ఆకు అడ్డం పెట్టించేది.

ఇరవై ఒకటో రోజున తిమ్మయ్య చివరి బుర్రను పగలగొట్టి, పెంకులకు అంటిన పసుపును వేలితో గీకి ఆఖరి పిల్ల గిట్టకు పూశాడు. మర్నాడు పొద్దున తల్లులు వచ్చేసరికి పన్నెండు పిల్లలూ కంచె చుట్టూ పరిగెడుతున్నాయి. ఏ పిల్ల ఏ మందుకు బాగుపడిందో చూసి గుర్తుపెట్టుకోవలసిన చెంగమ్మ, వాటిని ఆపలేక వెనకాల పడి పరిగెడుతోంది.

నీతి: దాచిన సరుకుకు దొంగే కాపలా, నిజం చెప్పే లెక్కే కొట్టుకు తాళం.