కనకవ్వ పిడికిలి

చిన్న కథే, పొయ్యి మీద చాయ పొంగేలోపు అయిపోతుంది. శంభయ్య గురువుకు ప్రశ్నకు జవాబు చెప్పే అలవాటు లేదు. అడిగినవాణ్ణి వెంటబెట్టుకుని ఎక్కడికో నడిపించే అలవాటు ఉంది. అందుకే ఆయన శిష్యులకు చెప్పులు తొందరగా అరుగుతాయి. నిరుడు సర్పంచి తమ్ముడు మోక్షమంటే ఏమిటని అడిగి, ఆయన వెంట పొరుగూరి సంత దాకా నడిచి, జిలేబీ తిని వచ్చాడు. మోక్షం సంగతి ఇప్పటికీ చెప్పడు గాని, జిలేబీ సంగతి అడగకుండానే చెబుతాడు. సరే, మన కథ.

ఎరువుల దుకాణం రాజలింగం ఒకనాడు అడిగాడు: "పండగకొక్కసారి పోయి పెద్దోళ్లను చూసొస్తే సాలదా, గురువుగారూ?"

లోకం కోసం అడిగినట్టే అడిగాడు గాని, మనసులో ఉన్నది మేనత్త కనకవ్వ. తల్లి పోయిన నాటి నుంచి అతన్ని పెంచింది ఆమే. ఆమె మోకాళ్ళు పట్టేశాక, "ఆడ డాక్టరుంటడత్తా" అని పట్నంలో వృద్ధాశ్రమంలో చేర్చాడు. నిరుడు దసరాకు వెళ్ళి, ఆమెతో ఫొటో దిగి, ఇచ్చిన చాయ చల్లారకముందే వచ్చేశాడు. ఆ ఫొటో మాత్రం ఊరంతా చూసింది. కొందరికి రెండుసార్లు చూపించాడు.

"దసరానాడు పోదాం పా," అన్నాడు గురువు.

మా వైపు దసరాకు జమ్మి ఆకే బంగారం. చిన్నవాళ్ళు దాన్ని పెద్దల చేతిలో పెట్టి కాళ్ళు మొక్కుతారు. పెద్దలు చెయ్యి చాపకపోతే బంధుత్వం తెగినట్టే.

దసరానాడు ఆశ్రమం హాల్లో కనకవ్వ మంచం ముందు నిలబడి, "అత్తా, బంగారం," అన్నాడు రాజలింగం.

కనకవ్వ పిడికిలి ఒళ్ళోనే ఉంది. తెరుచుకోలేదు. చుట్టూ మంచాల మీద ముసలివాళ్ళంతా ఇటే చూస్తున్నారు. రాజలింగం ఆకును ఇంకాస్త ముందుకు పట్టాడు.

"అత్తా..."

"నాకన్న పెద్దోళ్లుండంగ ముందు నాకెట్లిస్తవ్‌రా? పక్క మంచం చూడు."

పక్క మంచం బాగవ్వకు ఆ రోజు ఎవరూ రాలేదు. ఆమె చేతిలో ఆకు పెట్టి కాళ్ళు మొక్కాడు. ఆమె ఇంకో మంచం చూపించింది, ఆ మంచం మరో మంచం చూపించింది. మొక్కించుకోవడానికి అందరూ పెద్దవాళ్ళే, వయసు చెప్పడానికి అందరూ చిన్నవాళ్ళే. హాలంతా తిరిగి అత్త దగ్గరికొచ్చేసరికి అతని చేతిలో ఆకు లేదు. జేబులు తడిమాడు. గురువు గోడ మీది క్యాలెండరు చూస్తూ చాయ తాగుతున్నాడు.

"అయిపాయెనా?" అంది కనకవ్వ. "పో మరి, చీకటి పడ్తది."

పిడికిలి అలాగే ఉంది.

ఆ రాత్రి రాజలింగం మటన్ ముట్టలేదు. దసరానాడు మటన్ ముట్టనివాడికి మా ఊళ్ళో జ్వరమైనా ఉండాలి, నేరమైనా ఉండాలి. జ్వరం లేదని భార్య నుదురు తాకి చెప్పింది.

మర్నాడు దుకాణం మూసి, జమ్మి కొమ్మ విరుచుకుని మళ్ళీ వెళ్ళాడు. కనకవ్వ లేదు. ఆశ్రమంవాళ్ళు అందరినీ వ్యాన్‌లో సినిమాకు తీసుకుపోయారు. గేటు పక్కన ఒక బల్ల ఉంది. పండగల్లో ముసలివాళ్ళు దాని మీద కూచుని రోడ్డు చూస్తుంటారు. రాజలింగం దాని మీద కూచున్నాడు. బండి చప్పుడైనప్పుడల్లా లేచాడు. బండి దాటిపోయినప్పుడల్లా కూచున్నాడు. ఆకులు వాడిపోయాయి.

పొద్దు వాలాక వ్యాన్ వచ్చింది. తలుపు దగ్గర కనకవ్వ నిలబడింది. అతను కొమ్మ ముందుకు పట్టాడు. ఆమె చెయ్యి చాపింది, ఆకు కోసం కాదు.

"అది అవతల పెట్టి చెయ్యియ్యిరా. మోకాళ్ళు దిగనిస్తలేవు."

దింపాడు. ఆమె సినిమా కథ మొదట్నుంచి చెప్పింది. ఆఖరి బస్సు పోయింది. కొమ్మ ఆ బల్ల మీదే ఉండిపోయింది.

తెల్లారి మొదటి బస్సు దిగి గురువుగారి మఠానికి వస్తే, శిష్యులందరూ ఒకటే అడిగారు: "బంగారం తీసుకుందా?"

"తీసుకోలే. నా చెయ్యి పట్టుకొని బండి దిగింది," అన్నాడు రాజలింగం.

శంభయ్య గురువు చెప్పులేసుకుంటూ ఆగాడు.

"ఇంతకూ ఈసారి దసరా ఏనాడొచ్చిందిరా, రాజలింగం?"