నాగోజి లాడాలు

అనగా అనగా, మైలురాళ్ళకు ఇంకా అంకెలు పుట్టని రోజుల్లో, ఎర్రకొండ కింద ఒక దొర ఉండేవాడు. దొరకు ఒక కోట ఉండేది. కోటలో ఒక కొట్టం ఉండేది. కొట్టంలో ఒక పందెం కారు ఉండేది.

ఆ కారును దొర తండ్రి ఎప్పుడో ఓడలో తెప్పించాడు. ఎర్ర రంగు, పొడుగు ముక్కు, ఇద్దరికే చోటు. దొర దానికి "రణభేరి" అని పేరు పెట్టుకున్నాడు. జనం దాన్ని "మిడత" అన్నారు. జనం పెట్టిన పేరే నిలిచింది.

మిడత అప్పటికే పాతబడింది. పాత కారులో ఎప్పుడూ ఏదో ఒకటి అరుగుతూనే ఉంటుంది. అరిగినదాన్ని తీసి కొత్తది వెయ్యాలి. ఆ పని ఎవరిది? నాగోజిది.

నాగోజి కమ్మరి. కోట గుర్రాలకు లాడాలు కొట్టేవాడు. గుర్రాలు తగ్గి కారు వాడకం పెరిగాక, "గుర్రం కాళ్ళు చూసినోడివి, దీని కాళ్ళు కూడా చూడు" అన్నాడు దొర. నాగోజి చూశాడు. విప్పుతూ కొంత నేర్చుకున్నాడు, బిగిస్తూ కొంత నేర్చుకున్నాడు. కోట గోడల మీద దొర తన తాతముత్తాతల పేర్లన్నీ చెక్కించాడు. ఆ పేర్లు చెక్కిన ఉలికి పదును పెట్టిన నాగోజి పేరు ఏ రాతి మీదా లేదు. అందుకే ఈ కథను నోటితో చెప్పుకోవాల్సి వచ్చింది.

నాగోజికి ఒక అలవాటు ఉండేది. గుర్రానికి కొత్త లాడం కొట్టాక పాతదాన్ని మూలకు విసిరేసేవాడు కాదు. గుర్రం ఎక్కేవాడి చేతిలో పెట్టేవాడు.

"చూడు, అడుగు, ఆ తర్వాత ఎక్కు" అనేవాడు.

లాడం ఏ పక్క అరిగిందో చూస్తే గుర్రం ఏ కాలు ఈడుస్తున్నదో తెలుస్తుంది. ఎక్కేవాడికి అది తెలియాలి కదా. కారు దగ్గరా నాగోజి అదే అలవాటు సాగించాడు.

మిడతను నడిపేవాడు ఓబులేసు. దొర పక్కన కూర్చుంటాడు, ఓబులేసు నడుపుతాడు. ఓబులేసుకు కోట వెనక ఒక గుడిసె, గుడిసెలో భార్య, భార్య ఒడిలో పాలు తాగే కూతురు. ఆ గుడిసె దొరది. ఆ నేల దొరది. ప్రాణం మాత్రం ఓబులేసుది.

మొదటిసారి ప్లగ్గులు మార్చాడు నాగోజి. పాతవి తెచ్చి ఓబులేసు చేతిలో పెట్టాడు. మసి పట్టి నల్లగా ఉన్నాయి.

"ఏందప్పా ఈ బొగ్గు? నన్నేం చేసుకోమంటావు?" అన్నాడు ఓబులేసు.

"చూడు, అడుగు, ఆ తర్వాత ఎక్కు."

"సరే, అడుగుతా. ఎందుకింత నల్లగా ఉంది?"

"మేత ఎక్కువైతే గుర్రం పేడ చెప్తుంది. పెట్రోలు ఎక్కువైతే ఇది చెప్తుంది. ఇంజనుకు పోయేది కాస్త తగ్గిద్దాం."

పక్కనున్న గుర్రాలవాళ్ళు పగలబడి నవ్వారు. దొర మాత్రం ముక్కు చిట్లించుకున్నాడు.

రెండోసారి ఫ్యాను బెల్టు మార్చాడు. పాతది ఓబులేసు చేతిలో పెట్టాడు. ఒక అంచు పీచుపీచుగా లేచిపోయింది. రెండో అంచు కొత్తదానిలా ఉంది.

"ఒక్క పక్కే ఎందుకు అరిగింది మామా?"

"నాకూ తెలీదు నాయనా."

"తెలీనప్పుడు నా చేతికి ఎందుకిచ్చినావు?"

"తెలీదు గనకే ఇచ్చినా. నావి రెండే కళ్ళు. నీవి కలిస్తే నాలుగు."

నలుగురూ మూగారు. తలొక మాట అన్నారు. చివరికి బెల్టు తిరిగే చక్రం ఒకటి కొద్దిగా ఒరిగి ఉందని కనిపెట్టింది ఎవరో తెలుసా? గడ్డి మోసుకొచ్చిన ముసలామె. "నా రాట్నం కూడా ఇట్లే దారం కొరికేది" అంది ఆమె. ఆ రోజు నుంచి పాత సామాను బయటికొస్తే కొట్టం ముందు గుంపు చేరేది. ఇది ఎందుకు అరిగింది, అది ఎందుకు పగిలిందని ఒకరినొకరు అడిగేవాళ్ళు. దొర గడపలో తల ఎత్తని జనం మిడత గడపలో ప్రశ్నలు నేర్చుకున్నారు.

మూడోసారి బ్రేకు షూలు మార్చాడు. వంపు తిరిగిన ఇనుప ముక్కలు, వాటి మీద చక్రాన్ని ఒరుసుకునే గట్టి పట్టీ. చూడటానికి అచ్చం గుర్రపు లాడాల్లాగే ఉన్నాయి. జనం వాటిని లాడాలనే అన్నారు. నాగోజి పాతవి ఓబులేసు చేతిలో పెట్టాడు.

"చూడు, అడుగు, ఆ తర్వాత ఎక్కు."

అదే అతను మిడతకు చేసిన చివరి పని. ఎన్నో ఏళ్ళు కొలిమి పొగ మింగిన ఊపిరితిత్తులు ఒక చలికాలంలో ఆగిపోయాయి. దొర రాలేదు. గుర్రాలవాళ్ళు వచ్చారు. పూడ్చేముందు నాగోజి భార్య మునెమ్మ ఒక అరిగిన లాడం తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"చూడయ్యా. ఎవరైనా కనబడితే అడుగు. ఆ తర్వాతే ఎక్కు" అంది.

కాలం గడిచింది. నాగోజి వేసిన లాడాలు కూడా అరిగాయి.

ఆ యేడు దసరాకు పక్క సీమ దొరతో పందెం పడింది. ఎర్రకొండ మీద నుంచి కిందికి రెండు కార్లు దిగాలి. వెనకబడిన దొర మీసం తీయించుకోవాలి. దొర పట్నం నుంచి దానయ్య అనే కార్ల మేస్త్రిని పిలిపించాడు. ఓడలో కొత్త లాడాలు తెప్పించాడు. ఆయుధ పూజ నాడు అవి కత్తులతో పాటు పీట ఎక్కాయి. దొర తల్లి పెద్దమ్మణ్ణి తన చేత్తో వాటికి పూజ చేసింది. మర్నాడు దానయ్య వాటిని బిగించాడు. పాతవాటిని కొట్టం వెనక గుంతలో పారేశాడు.

పందెం పొద్దు వచ్చింది. ఇంజను అలిసిపోకుండా మిడతకు ఎద్దులు కట్టి కొండ మీదికి లాగించారు. కొండ మీద డప్పులు మోగుతున్నాయి. దొర తలపాగా చుట్టుకుని మిడతలో కూర్చున్నాడు. ఓబులేసు తలుపు దాకా వచ్చి ఆగాడు.

"పాతవి యాడున్నాయన్నా?" అని దానయ్యను అడిగాడు.

"పారేసినా. చెత్త నీకెందుకు?"

"నా చేతిలో పెట్టు. చూసి ఎక్కుతా."

"ఎక్కరా!" అని గద్దించాడు దొర. "ఎక్కకుంటే సాయంత్రానికి గుడిసె ఖాళీ చెయ్."

ఓబులేసు గుంపులోకి చూశాడు. కూతురిని చంకనేసుకుని భార్య నిలబడి ఉంది. ఎక్కితే గుడిసె ఉంటుంది. ఎక్కకపోతే ఉండదు. అయినా అతను కదల్లేదు.

"పాతదేది?" అన్నాడు మళ్ళీ.

గుంపులోంచి గడ్డి మోసే ముసలామె అందుకుంది. "అవునూ, పాతదేది?"

గుర్రాలవాళ్ళు అందుకున్నారు. "పాతదేది?"

డప్పులు ఆగిపోయాయి. కొండంతా ఒకటే మాట. "పాతదేది? పాతదేది?"

అప్పుడు మునెమ్మ గుంపును తోసుకుంటూ ముందుకు వచ్చింది. గుంతలోంచి ఏరి తెచ్చిన లాడాలు ఆమె కొంగులో ఉన్నాయి.

"మా ఆయన బిగించినవి. గుంతలో ఉంటే చూడలేక తెచ్చుకున్నా. ఇదిగో, పట్టుకో నాయనా" అని ఓబులేసు చేతిలో పెట్టింది.

ఓబులేసు వాటిని తిప్పి చూశాడు. వేలితో రుద్దాడు. పొడి దుమ్ము రాలింది.

"పాతది ఇంత పొడిగా ఉంది. మరి కొత్తది ఎట్లుంది? చక్రం విప్పన్నా, చూద్దాం."

దానయ్య దొర వైపు చూశాడు. గుంపు వైపు చూశాడు. చక్రం విప్పాడు. ఓబులేసు కొత్త లాడం మీద వేలు పెట్టాడు. వేలు మెరిసింది. వాసన చూశాడు.

"ఆముదం!"

దానయ్య చేతులు జోడించాడు. "తుడిచినా దొరా. కుంకుమ పోయింది, నూనె లోపలికి ఇంకింది. చాలనుకున్నా. అమ్మగారి పూజను తప్పుబట్టే ధైర్యం నాకు యాడిది?"

పందెం చూడవచ్చిన పెద్దమ్మణ్ణి పల్లకి తెర తీసింది. "నేనే పోశానురా! గిన్నెడు పోశా. బండి ఇరుసుకు కందెన పూయమా? అది హాయిగా తిరగాలనే కదా?"

"అమ్మా, ఇరుసు తిరగాలి. ఇది పట్టుకోవాలి" అన్నాడు దానయ్య.

ఆమె కొండ కిందికి చూసింది. పాములా మెలికలు తిరిగిన బాట, మెలిక మెలికకూ లోయ.

"ఒరే, నా కొడుకు ఉరితాడుకు నేనే నూనె రాసినట్టయింది గదరా! నాయనా ఓబులేసూ, నీ గుడిసె జోలికి ఎవడొస్తాడో నేను చూస్తా."

దొర మిడతలోంచి దిగి ఓబులేసు దగ్గరికి వచ్చాడు. తర్వాత పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒక పనివాణ్ణి ప్రశ్న అడిగాడు.

"పాతవాటితో దిగొచ్చునా?"

"ఇంకా కాస్త పట్టు మిగిలింది దొరా. నెమ్మదిగా దిగొచ్చు."

"పందెం పోతుంది గదా?"

"పోతుంది దొరా."

నాగోజి లాడాలే మళ్ళీ బిగించారు. మిడత కొండ దిగింది. గర్భిణి మెట్లు దిగినట్టు ఒక్కో మలుపు దగ్గర ఆగి ఆగి దిగింది. పక్క సీమ దొర కిందికి చేరి, కాళ్ళు కడుక్కుని, మజ్జిగ తాగి, ఒక కునుకు తీసి లేచాక మిడత వచ్చింది. దొర మీసం పోయింది.

మీసం మళ్ళీ మొలిచింది.

ఆ దొరలు పోయారు. కోట కూలింది. పేర్లు చెక్కిన రాళ్ళు ఎవరి పశువుల దొడ్డికో గోడలయ్యాయి. ఎర్రకొండ బాట మాత్రం ఉంది. బాట పొడుగునా బండ్లు బాగుచేసే కొట్లు ఉన్నాయి. లారీ అయినా, ఆటో అయినా, ముచ్చటపడి కొండెక్కించే పాత పందెం కారైనా, ఒక సామాను మారిస్తే పాతది నడిపేవాడి చేతికి రావాల్సిందే. మేస్త్రి మరిచిపోతే నడిపేవాడు "పాతదేది?" అంటాడు. మేస్త్రి నొచ్చుకోడు. "నాగోజి అడిగినాడా?" అని నవ్వి తెచ్చి ఇస్తాడు.

ఆయుధ పూజ నాడు ఆ కొట్లలో కొత్త లాడాలను ఎవరూ పీట మీద పెట్టరు. ఏడాదంతా అరిగి, పట్టి, మనుషుల్ని ఇంటికి చేర్చిన పాత లాడాలను పెడతారు. పసుపు రాస్తారు, కుంకుమ పెడతారు, ఇష్టమున్నంత ఆముదం పోస్తారు. "ఎందుకు పోస్తున్నారు?" అని పిల్లలు అడుగుతారు. అడగాలనే పోస్తారు.

కథ కొండ దిగింది. బ్రేకు పట్టింది.