దొరబాబు చెవులు, బూరుగు దూది

జీలుగుకోన అడవి మీరు చూసి ఉండరు. పోనీలెండి, నేను చెబుతాను. ఆ కోనలో దుప్పులు, ఉడుతలు, నెమళ్లు, వడ్రంగిపిట్టలు, ఎల్లయ్య అనే ఎలుగుబంటి కలిసిమెలిసి ఉండేవి. వాటన్నిటికీ కావలి కాసేది దొరబాబు అనే కుందేలు.

కావలి అంటే కర్ర పట్టుకుని తిరగడం కాదు. జంతువులు వాగులో నీళ్లు తాగుతుంటే దొరబాబు గట్టు మీది బండెక్కి చెవులు నిక్కించేవాడు. ఎక్కడైనా ఎండుటాకు చిటుక్కుమంటే చాలు, వెనకకాలితో బండ మీద టపటపా కొట్టేవాడు. అందరూ పరుగో పరుగు. వేటకు పొంచి వచ్చే రేచుకుక్క, అదే అడవికుక్క, అంత పెద్దది కూడా ఉత్త నోటితో ఇంటికి పోవాల్సిందే. అందుకే కోనలో లేత గడ్డి మొదట దొరబాబుకే దక్కేది.

ఇప్పపూలు రాలే రోజుల్లో ఆ కోనలో జాతర. సాయంత్రమైతే ఎల్లయ్య బోలు మానును రెండు చేతులా వాయించేవాడు. వడ్రంగిపిట్టలు పక్కమాను మీద దరువు వేసేవి. అబ్బో, ఆ మోతకు నెమళ్లకు కాళ్లు ఆగేవి కావు. మానుకు ఎంత దగ్గరగా కూర్చుంటే అంత పెద్దరికమని అక్కడి వాళ్ల లెక్క.

సీతాలు అనే ఉడుతకు మాత్రం ఆ పెద్దరికం అక్కర్లేదు. బూరుగు కాయలు పగిలే కాలం కూడా అదే కదా, కాస్త దూది తీసి చెవుల్లో పెట్టుకునేది. మానుకు దూరంగా కూర్చుని హాయిగా తోక ఊపేది. మధ్యలో లేచి వాగు దాకా వెళ్లి, కాసేపు చెవులకు విశ్రాంతి ఇచ్చి వచ్చేది.

ఒకరోజు దొరబాబుకు కూడా దూది ఉండలు ఇవ్వబోయింది. దూది ఒక్కటే చాలదు, కాస్త వెనక్కి జరిగి కూర్చోమని కూడా చెప్పింది. దొరబాబు పొట్ట పట్టుకుని నవ్వాడు.

"చిన్న చెవుల వాళ్లకు దూది కావాలి గానీ, నాకెందుకే? ఈ చెవులు చూశావా, ఎంత మోత పోసినా నిండవు."

అన్నాడే కాదు, పోయి మాను తొర్రలో చెవులు రెండూ దూర్చాడు. ఇంకా గట్టిగా వాయించమని ఎల్లయ్యను ఎగదోశాడు కూడా.

ఇంటికి వెళ్లాక చెవుల్లో ఒకటే గుయ్‌మని రొద. దొరబాబు దానికీ మురిసిపోయాడు. పాట తన వెంట ఇంటిదాకా వచ్చిందని అందరికీ చెప్పుకున్నాడు.

"అది పాట కాదు మామా, నీ చెవుల ఏడుపు. నాలుగు రోజులు వాటిని ఊరుకోనీ," అంది సీతాలు.

వింటేగా! జాతర అయ్యేదాకా రోజూ తొర్రలోనే చెవులు.

జాతర ముగిసింది. అందరూ మళ్లీ వాగుకు వచ్చారు. దొరబాబు బండెక్కాడు. వాడి కూతురు చిట్టి కింద నీళ్ల పక్కన గడ్డి కొరుకుతోంది. పొదల వెనక రేచుకుక్క అడుగులో అడుగు వేసుకుంటూ వస్తోంది. ఎండుటాకులు చిటుక్కుమన్నాయి. దొరబాబుకు గుయ్‌మనే రొద తప్ప ఇంకేమీ వినపడలేదు.

చెట్టు మీదున్న సీతాలు వింది. గొంతు చించుకుని కిచకిచలాడింది. దుప్పులు చెదిరిపోయాయి. రేచుకుక్క చిట్టి మీదికి దూకింది. చిట్టి ముళ్లపొదలోకి దూరింది కాబట్టి సరిపోయింది. రేచుకుక్క నోట్లో తోక బొచ్చు మాత్రమే మిగిలింది.

బండ మీద నుంచి ఆ దూకడం చూసిన దొరబాబుకు ప్రాణం పోయి వచ్చింది. పరుగున వెళ్లి బిడ్డను దగ్గరికి తీసుకున్నాడు. చిట్టి ఏదో అడిగింది. దొరబాబు చెవి వంచాడు. మళ్లీ అడిగింది. వినపడలేదు. చివరికి గట్టిగా అరవాల్సి వచ్చింది.

"నాన్నా, కాలు ఎందుకు కొట్టలేదు?"

దొరబాబు వలవలా ఏడ్చాడు.

కొన్నాళ్లకు రొద తగ్గింది గానీ, చిటుక్కుమనే చిన్న చప్పుళ్లు మాత్రం తిరిగి రాలేదు. కావలి సీతాలుకు దక్కింది. జీడిగింజలూ రేగుపళ్లూ మొదట దానికే. దొరబాబు తానే పోయి ఇచ్చి వచ్చేవాడు.

మళ్లీ ఇప్పపూలు రాలాయి. జాతర ఆగుతుందా? ఎల్లయ్య వాయించాడు, నెమళ్లు ఆడాయి. కానీ ఈసారి మాను చుట్టూ చాలా దూరం దాకా ఖాళీయే. బూరుగు చెట్టు కింద దొరబాబు దూది ఉండలు చుడుతూ కూర్చున్నాడు. అవి పెట్టుకోని పిల్లను ఒక్కదాన్నీ జాతరలోకి పోనివ్వడు. వాయించే ఎల్లయ్య కూడా నవ్వుతూ చెవులు చూపించి దూది పెట్టించుకున్నాడు.

అందరికన్నా వెనక, చిట్టి పక్కన కూర్చుని, దొరబాబు దరువుకు తల ఊపాడు. దూరం నుంచి కూడా పాట బాగానే ఉందని వాడికి అప్పుడే తెలిసింది. ఆ మాట చిట్టితో అన్నాడు. చిట్టి ఏదో జవాబు చెప్పింది. వాడు నవ్వి, మళ్లీ చెప్పమని చెవి వంచాడు.

నీతి: పాట ఎంత ఇష్టమైనా దూరంగా కూర్చుని విను, చెవులకు విశ్రాంతి ఇవ్వు, పోయిన వినికిడి తిరిగి రాదు.