బంగారానికి పడని చేప

అనగనగా ఓ కొండరాజ్యం. అక్కడి ఏటిలో చేపలు నీటిమీద వాలే పురుగుల్నే తింటాయి. అందుకని బెస్త నూకాలు, ఏ పొద్దు ఏ పురుగు వాలుతోందో చూసుకుని, అచ్చం దానిలా కనిపించే కోడి ఈకను గాలానికి మార్చి మార్చి కట్టేది.

ఓ పొద్దున రాజుగారు ముఖం గంటు పెట్టుకుని ఏటి గట్టుకొచ్చారు.

"ఏమైంది దొరా?"

"రాణి అలకపాన్పు ఎక్కింది. హారం పంపాను, దిగలేదు. వడ్డాణం పంపాను, దిగలేదు. ఇవాళ ఏడువారాల నగలూ పంపుతున్నా. అప్పటికీ దిగకపోతే పుట్టింటికే!"

'పాపం, కొత్త కాపురం' అనుకుంది నూకాలు. ఈక విప్పేసి, తన ముక్కుపుడక గాలానికి కట్టి ఏట్లో వేసింది. చేప రాలేదు. చెవికమ్మ కూడా తీసి కట్టింది. ఊహూఁ.

రాజుగారు ఫక్కున నవ్వారు. "వెర్రిదానా! బంగారం ఎంత పెంచితే ఏం లాభం? దానికేం కావాలో చూసి ఎర మార్చాలి గానీ!"

"చిత్తం మహాప్రభో," అంది నూకాలు, ఏటి వంక కాకుండా కోట వంక చూస్తూ.

రాజుగారి నవ్వు ఆగిపోయింది. గిరుక్కున వెనక్కి తిరిగారు.

సాయంత్రం చేపలకొచ్చిన కోట దాసి చెప్పింది. "రాజుగారు ఉత్త చేతుల్తో వచ్చి, 'నీకేం కావాలి?' అని అడిగారు పిన్నీ. రాణమ్మ ఏమీ అడగలేదు. పాన్పు మీద కాస్త జరిగి, కూర్చోమని చోటిచ్చింది. సరేగానీ, ఇవాళ చేపలేమైనా పడ్డాయా?"

నూకాలు ముక్కుపుడక పెట్టుకుంటూ నవ్వింది.

"పెద్దదే ఒకటి పడిందే. పొద్దున్నే కోటకి పంపేశాను."